చోక్ లేని బండి

ఇల్లు, వంటింటి బల్ల
మార్చి మొదట్లో

ఆడపడుచుగారికి,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నువ్వు మూతి తిప్పుతావని తెలుసు. పోయినసారి ఫోన్లో మనిద్దరం మాట్లాడుకున్నది ఎదురింటివాళ్ళకి కూడా వినపడిందట. మీ అన్నయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. "ఇకమీదట ఇద్దరూ కాగితం మీద పోట్లాడుకోండి, గొంతులైనా మిగులుతాయి" అని మామయ్య తీర్పు చెప్పారు. కాబట్టి ఇదిగో, రాస్తున్నాను.

విషయం మన ముసల్ది. మామయ్య షెడ్డు నీకు అప్పజెప్పి, ఆ కారొక్కటే వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు కదా. అది ఈమధ్య పొద్దున్నే స్టార్టవడం లేదు. కార్బురేటర్ తీసేసి, ఆ చోట ఇంజెక్షన్ పెడదామని అనుకుంటున్నాం. ఎంత పెట్రోలు ఎప్పుడు పొయ్యాలో ఒక చిన్న పెట్టె చూసుకుంటుంది. మా కంపెనీ ఇంజన్ పరీక్ష గదిలో నేను పొద్దస్తమానం చేసే పని అదే కాబట్టి పెట్టెకి నేర్పడం నా వంతు. కానీ కార్బురేటర్ కూర్చునే చోటికీ కొత్తదానికీ మధ్య అల్యూమినియం ప్లేటు ఒకటి కావాలి. ఆ కొలతలు మీ షెడ్డులో తప్ప ఎక్కడా లేవు. నువ్వు కోసి పంపాలి.

పోయిన నెల నువ్వొచ్చినప్పుడు నేను సరదాకి ఇంజెక్షన్ మాటెత్తితే స్పానర్ విసిరేసి వెళ్ళిపోయావు. ఇది సరదాకి కాదు. కాస్త ఆలోచించు.

మామయ్య బాగున్నారు. నిన్ను అడిగానని చెప్పమన్నారు.

వదిన

*

షెడ్డు, పెద్ద బెంచీ
మార్చి

వదినకి,

నీ ఉత్తరం చదివాను. ఒళ్ళు మండింది. అంటే సరిగ్గానే చదివానన్నమాట.

"అనుకుంటున్నాం" అని రాశావు. ఎవరెవరు అనుకుంటున్నారు? ఆ కారు తుక్కు దుకాణంలో సీట్లు లేకుండా పడి ఉన్నప్పుడు నాన్నా నేనూ కలిసి లాక్కొచ్చాం. అన్నయ్య అప్పుడు చేతికి నల్లమరక అంటుతుందని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నువ్వింకా మా ఇంటికి రాలేదు. ఇంజన్ విప్పడం, కార్బురేటర్ కడగడం, పొగ వాసన చూసి పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పడం, అన్నీ నేను ఆ కారు కింద పడుకునే నేర్చుకున్నాను. నాన్న నన్ను ముక్కమ్మ అని పిలిచేది నా ముక్కు అందంగా ఉందని కాదు.

నెలకోసారి ఆదివారం వచ్చి ముసల్దాన్ని సరిచేసి వెళ్ళేదాన్ని. నాన్న పక్కన స్టూలేసుకుని కూర్చుని, చేసిన ప్రతి పనికీ వంక పెట్టేవాడు. నాకు నాన్నతో గడిచేది ఆ ఒక్క పూటే. మీకు నెలంతా ఉన్నాడు. ఆ ఒక్క పూట కూడా ఒక పెట్టెకి ఇచ్చెయ్యమంటున్నావు. ఇంజెక్షన్ పెట్టిన బండికి నెలనెలా మనిషి రానక్కర్లేదని నాకు తెలీదనుకున్నావా?

ఇంకోటి. ఇదివరకు మీ ఇంటి నుంచి ఏం వచ్చినా పైన నాన్న తన చేత్తో రెండు లైన్లు గీకేవాడు. "కార్బురేటర్ జెట్ అరిగింది, చూడు", "జలుబు తగ్గిందా", ఏదో ఒకటి. ఈసారి ఏమీ లేదు. "చెప్పమన్నారు" అని నువ్వు చెప్పడమేమిటి? ఆయనకి చెయ్యి లేదా?

ప్లేటు కోసి పంపుతాను. చెడగొట్టి పంపుతానని భయపడకు. నాకు నీ మీద కోపం, అల్యూమినియం మీద కాదు.

ముక్కమ్మ

*

ఇల్లు, వంటింటి బల్ల
ఏప్రిల్

ఆడపడుచుకి,

ప్లేటు అందింది. బోల్టులన్నీ ఒక్క దెబ్బకి వాటి చిల్లుల్లో కూర్చున్నాయి. మా కంపెనీలో ఇలాంటిది కోయించాలంటే మూడుసార్లు వెనక్కి పంపాల్సివస్తుంది. మామయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేలితో తడిమి తడిమి చూసుకున్నారు. అప్పుడు ఆయన మొహం చూస్తే నాకు కుళ్ళు పుట్టింది. నిజం చెబుతున్నా. నేను పదిహేనురోజులు కూర్చుని పెట్టెలో రాసిన లెక్కలన్నీ ఆయనకి చూపిస్తే "ఊ" అన్నారు. నీ ప్లేటుకి మాత్రం ముద్దొక్కటే తక్కువ.

మొత్తం పెట్టేశాం. ట్యాంకులో కొత్త పంపు, కొత్త గొట్టాలు, కార్బురేటర్ ఉండే చోట నీ ప్లేటు మీద ఇంజెక్షన్. కార్బురేటర్‌ని గుడ్డలో చుట్టి అల్మారాలో పెట్టాను, పారెయ్యలేదు. ఇంజన్ కింద నుంచి వచ్చే పొగ గొట్టానికి ఒక సెన్సార్ కూడా పెట్టాం. అది పొగని చూసి, పెట్రోలు తక్కువైందనో ఎక్కువైందనో పెట్టెకి చెబుతుంది. పెట్టె దాన్నిబట్టి సర్దుకుంటుంది. ఇదంతా మామయ్యకి వివరిస్తే ఆయన ఏమన్నారో తెలుసా? "ఓహో, ఇది తీగ ఉన్న ముక్కమ్మ అన్నమాట" అన్నారు. చాలారోజుల తర్వాత గట్టిగా నవ్వారు.

తాళం తిప్పగానే స్టార్టయింది. చోక్ లాగే పని లేదు, పెడల్ తొక్కే పని లేదు. రెండు నిమిషాలు నడిపి ఆపేశాం. పాత సైలెన్సర్ కదా, కాస్త టపటపమంటోంది. అంతకుమించి ఏమీ లేదు.

మామయ్య బాగున్నారు.

వదిన

*

షెడ్డు
ఏప్రిల్ చివర

గౌరవనీయులైన వదినగారికి,

మీరు రాసిన ఉత్తరం అందినది. ముసల్ది స్టార్టయినందుకు సంతోషం. మీ సెన్సార్‌కి నా పేరు పెట్టినందుకు ఇంకా సంతోషం. దానికి నా చెప్పులూ, నా బెంచీ కూడా పంపమంటారా?

నాన్న దాన్ని ముక్కమ్మ అన్నాడా, లేక నాకు మంట పుట్టాలని మీరు రాశారా అని మొదట అనుకున్నాను. తర్వాత ఆయనే అని ఉంటాడనిపించింది. ఎందుకంటే అది అచ్చం నాన్న అనే మాటే. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తీగ ఉన్న ముక్కమ్మ ఎప్పుడూ అలగదు కదా. స్పానర్ విసరదు. ఆదివారం దాకా ఆగక్కర్లేదు. అన్నం పెట్టక్కర్లేదు. మీ అందరికీ హాయి.

ఈసారి కూడా నాన్న చేతి రాత లేదు. మీ పెట్టె లెక్కలు చూడ్డానికి తీరిక ఉంది, కూతురికి రెండు ముక్కలు రాయడానికి లేదు. నేను ఫోన్ చేస్తే "బాగున్నా, బాగున్నా" అని మీకిచ్చేస్తున్నాడు. మీరు ఆయన్ని బాగా చూసుకుంటున్నారు. ఎంత బాగా అంటే, కన్నకూతురు గుర్తురానంత.

నాకు షెడ్డు నిండా పనులున్నాయి.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

ఇల్లు, కారు పక్కన స్టూలు మీద
మే

ఆడపడుచుకి,

మీరు, గౌరవనీయులు, ఇట్లు. చదివి మీ అన్నయ్య నోరు నొక్కుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ముసల్ది తేడా చేస్తోంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు లక్షణంగా స్టార్టవుతుంది. ఇంజన్ కాస్త వేడెక్కగానే నల్లపొగ కక్కుతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. ప్లగ్గులు విప్పితే బొగ్గులా ఉన్నాయి. పెట్టె అతిగా పెట్రోలు పోస్తోంది. ఎందుకు పోస్తోందని చూస్తే, పెట్రోలు చాలడం లేదని సెన్సార్ చెబుతోంది. సెన్సార్ మార్చాను. కొత్తది కూడా అదే పాట. ఇంజెక్టర్ మార్చాను. లెక్కలు మళ్ళీ రాశాను. ఉద్యోగం నుంచి రావడం, కారు దగ్గర కూర్చోవడం, ఇదే నా బతుకైపోయింది.

అందుకే సూటిగా అడుగుతున్నా. ఆ ఇంజన్లో నాకు తెలియని సంగతి ఏదైనా ఉందా? మీ నాన్నా నువ్వూ ఏళ్ళ తరబడి చేసిన అతుకులు, కిటుకులు, ఏవైనా సరే. మామయ్యని అడిగితే "ఏముంది, అంతా సవ్యంగానే ఉంది" అంటున్నారు. నీ కంటే దాన్ని ఎరిగినవాళ్ళు లేరు. ఈ మాట రాయడం నాకు సుఖంగా లేదు, అయినా రాస్తున్నా.

వదిన

*

షెడ్డు
మే

వదినగారికి,

నాకేమీ తెలియదు. నేను కార్బురేటర్లు కడిగే మనిషిని. మీ పెట్టె అన్నీ తెలిసినది కదా, దాన్నే అడగండి. మీ తీగ ముక్కమ్మని అడగండి.

ఆరోగ్యం జాగ్రత్త.

ఆడపడుచు

*

ఇల్లు, వంటింటి బల్ల
జూన్

అమ్మాయ్,

నువ్వు గెలిచావు. ఈ ముక్క ముందే రాసేస్తున్నా, మిగతాది చదివే ఓపిక ఉంటే చదువు.

నిన్న మామయ్యని పక్కన కూర్చోబెట్టుకుని నేను నడుపుతుంటే, నాలుగురోడ్ల కూడలి మధ్యలో ముసల్ది ఆగిపోయింది. వెనకాల హారన్లు. ఒకడు కిటికీలోంచి తలపెట్టి "అమ్మా, మ్యూజియం అటు" అన్నాడు. ఎవరో నలుగురు తోశారు. మామయ్య దిగి తానూ తోయబోయారు, నేను అరిచి కూర్చోబెట్టాను. ఇంటికొచ్చాక ఆయన మెల్లగా "ఆ పెట్టె తీసెయ్యమ్మా. కార్బురేటర్ పెట్టెయ్. ముక్కమ్మని పిలు" అన్నారు. ఇన్ని నెలలు చేసిందంతా ఆ మూడు ముక్కల్లో పోయింది. స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చాను.

కార్బురేటర్ అల్మారాలోంచి తీశాను. నువ్వొచ్చి పెడితే పెట్టు. కానీ పెట్టాక దాన్ని స్టార్ట్ చేసేదెవరు? చోక్ ఒక చేత్తో లాగి పట్టుకుని, ఇంకో చేత్తో తాళం తిప్పాలి. దానికి రెండు చేతులు కావాలి. మామయ్యకి ఇప్పుడు రెండు చేతులు లేవు.

నీకు చెప్పనని మాటిచ్చాను. ఇక నా వల్ల కాదు. ఫిబ్రవరిలో నువ్వు స్పానర్ విసిరి వెళ్ళావు కదా, ఆ తర్వాతి వారం ఆయన కుడిచెయ్యి పడిపోయింది. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకోబోయి వదిలేశారు. హాస్పిటల్లో నాలుగురోజులున్నాం. మాట బాగానే ఉంది, నడక బాగానే ఉంది. చెయ్యి మాత్రం రాలేదు. డాక్టరు కసరత్తులు చెప్పాడు, చేయిస్తున్నాం. "దానికి తెలిస్తే షెడ్డుకి తాళమేసి వచ్చి నా పక్కన కూర్చుంటుంది. నా షెడ్డు మూతపడకూడదు" అన్నారు. అందుకే రెండు లైన్లు రాయలేదు. అందుకే ఫోన్ నాకిచ్చేస్తున్నారు, మాటల్లో బయటపడతానేమోనని భయం.

ఆయన ఒక్కటే అడిగారు. రోజూ పొద్దున్నే ముసల్దాన్ని తనే స్టార్ట్ చెయ్యాలని. నడపకపోయినా సరే, ఎక్కడికీ వెళ్ళకపోయినా సరే, స్టార్ట్ మాత్రం తన చేత్తో. మేం చేసిపెడతామంటే ఒప్పుకోలేదు. ఒక్క చేత్తో స్టార్టయ్యే దారి నాకు ఇదొక్కటే తెలుసు. అది కూడా నాకు చేతకాలేదు.

ఆయన కసరత్తులు నేను చేయిస్తాను, చొక్కా గుండీలు నేను పెడతాను. గుండీ పెట్టించుకుంటూ ఆయన మాట్లాడేది నీ గురించి. నువ్వు మూడో తరగతిలో జెట్ మింగబోయిన సంగతి నాకు కంఠతా వచ్చేసింది. కన్నకూతురు గుర్తురావడం లేదని రాశావు చూడు, ఆ రోజంతా నీ మీద కోపంతో మాడిపోయాను.

వదిన

*

షెడ్డు, పెద్ద బెంచీ
జూన్

వదినా,

పెట్టె తీసెయ్యకు. కార్బురేటర్ జోలికి వెళ్ళకు. ముందు ఈ డబ్బా విప్పు. గుడ్డలో ఇత్తడి బోల్టు ఒకటుంది. అది ముసల్దానిది.

ఇంజన్ నుంచి కిందికి దిగే పొగ గొట్టానికి, పై వైపు, చెయ్యి దూర్చి తడిమితే తప్ప తెలియని చోట ఒక చిల్లుంది. నేను చిన్నప్పుడు నాన్న వేశాడు. సైలెన్సర్ చివర పొగ చల్లారిపోయి వాసన తెలియదని, ఆ చిల్లు దగ్గర నా ముక్కు పెట్టించి నేర్పేవాడు. పని అయ్యాక ఈ బోల్టు బిగించేవాళ్ళం. ఎన్నేళ్ళైనా ఆ అలవాటు పోలేదు. నెలనెలా వచ్చినప్పుడు బోల్టు విప్పి ఏప్రన్ జేబులో వేసుకునేదాన్ని, వాసన చూసి సరిచేసి, మళ్ళీ బిగించేదాన్ని. ఫిబ్రవరిలో నీ మీద కోపంతో వెళ్ళిపోయాను కదా, బోల్టు జేబులోనే ఉండిపోయింది. నాన్నకి కూడా తెలియదు. అది గొట్టంలోనే ఉందనుకుంటున్నాడు. ఆయనకి ఆ టపటపలు వినపడవు, వినికిడి తగ్గింది.

కార్బురేటర్ ఉన్నంతకాలం ఆ చిల్లు వల్ల చప్పుడు తప్ప నష్టం లేదు. కానీ నీ సెన్సార్ ఆ చిల్లు దాటాక ఉంది. పొగ ఆగి ఆగి కొడుతుంది కదా, ఆ సందుల్లో బయటి గాలి చిల్లులోంచి లోపలికి పోతుంది. అది ఆ గాలిని చూసి పెట్రోలు చాలలేదనుకుంటుంది. నీ లెక్కలు తప్పు కాదు. నీ పెట్టె తప్పు కాదు. ఒక్కటీ తప్పు కాదు.

ఇదంతా నాకు ఇవాళ తెలిసింది కాదు. పొగ గొట్టానికి సెన్సార్ పెట్టామని నువ్వు రాసిన రోజే తెలిసింది. ఆ పూటే ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టి చూసుకున్నాను, ఉంది. ఏమైనా ఉందా అని నువ్వు సూటిగా అడిగినప్పుడు ఇది నా ముందు బెంచీ మీదే ఉంది. దీన్ని చూస్తూనే నాకేమీ తెలియదని రాశాను. నువ్వు ఓడిపోతుంటే నాకు బాగుంది. నల్లపొగ, బొగ్గు ప్లగ్గులు అని చదివినప్పుడు కడుపు చల్లబడింది. ముక్కమ్మని పిలు అంటాడు, నన్ను పిలవక తప్పదు అనుకున్నాను. పిలిచాడు. నువ్వు రాసిన ఆ లైను చదివి ఎగిరి గంతేశాను. కింద చెయ్యి సంగతి దాకా వచ్చాక బోల్టు తీసి గుడ్డలో చుట్టాను.

"ఆయనకి చెయ్యి లేదా" అని రాశాను. మార్చిలో. ఆ ఉత్తరం నాన్నకి చదివి వినిపించావా? వినిపించలేదని చెప్పు. వినిపించినా వినిపించలేదనే చెప్పు.

చెయ్యి పడిపోయిన మనిషి కూడలిలో దిగి కారు తోయబోయాడు, నా జేబులో బోల్టు వల్ల. ఇది నాకు జన్మలో పోదు. మీ పుట్టింటివాళ్ళ చేత నన్ను తన్నించినా నోరెత్తను.

బోల్టు బిగించు. పెట్టె లెక్కలు నువ్వు మొదట రాసినవే మళ్ళీ పెట్టు. నడుస్తుంది.

నాకు చెప్పొద్దన్నాడు కాబట్టి తెలియనట్టే ఉండాలా? పిలవకుండా రావడానికి నాకు మొహం లేదు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

నీ ముక్కమ్మ

*

ఇల్లు, కారు పక్కన
జూలై

ముక్కమ్మకి,

నీ ఉత్తరం చదివి, కారు కింద దూరి, గొట్టం మీద చెయ్యి పెట్టి తడిమాను. వేలు చిల్లులోకి వెళ్ళింది. అక్కడే పడుకుని నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. మీ అన్నయ్య టార్చి పట్టుకుని నిలబడి అన్నీ విన్నాడు, ఒక్కటీ కాదనలేదు. తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను. పరీక్ష గదిలో పొగ గొట్టానికి చిల్లుందేమోనని మొట్టమొదట చూస్తాం. ఇంట్లో చూడలేదు. మీ నాన్న చేసిన ఇంజన్ కదా, దానికి చిల్లుంటుందా అనుకున్నాను.

"చెయ్యి లేదా" అన్న ముక్క ఆయనకి చదివి వినిపించలేదు. నిజంగానే వినిపించలేదు.

చిల్లుకి కొత్త బోల్టు ఒకటి బిగించాను. లెక్కలు మొదటివే పెట్టాను. కూడలి దాకా వెళ్ళి, ఆగిన చోటే రెండుసార్లు చుట్టూ తిప్పి తీసుకొచ్చాను. పొగ లేదు, దగ్గు లేదు. ఇంజన్ ఎంత వేడెక్కినా కిక్కురుమనలేదు.

నీ ఇత్తడి బోల్టు ఏం చేశానంటే. తాళం స్టీరింగుకి కుడివైపుంది కదా. మామయ్య ఎడమ చెయ్యి అటు చాపి తిప్పబోతే, ఆ చిన్న తాళానికి పట్టు దొరకడం లేదు. పెట్టె అంతా సిద్ధమయ్యాక ఇదొక్కటీ మిగిలింది. నీ బోల్టుని తాళం తలకి అడ్డంగా అతికించాను. ఇప్పుడది పిడిలా ఉంది. నాలుగు వేళ్ళూ దాని మీద వేసి ఒక్క తిప్పు తిప్పారు, ముసల్ది లేచింది. తిప్పాక ఆ పిడిని దగ్గరగా పెట్టి చూసుకున్నారు. ఏ బోల్టో గుర్తుపట్టారు. అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగలేదు, నేను చెప్పలేదు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే స్టార్ట్ చేసి, కాసేపు కూర్చుని, ఆపి వస్తున్నారు. మొహం కడుక్కోవడం కంటే ముందు అదే పని.

నిన్ను క్షమించానా అని నువ్వు అడగలేదు, మంచిపని చేశావు. కోపం ఇంకా కొంచెం ఉంది. ఎదురుగా వస్తే గట్టిగా రెండు తిట్టి అయిపోయిందనిపిస్తాను.

చెయ్యి సంగతి నీకు చెప్పేశానని ఆయనకి చెప్పాను. షెడ్డు మూతపడితే పాపం నాదేనని కసిరారు. తర్వాత కాగితం, పెన్సిలు అడిగారు. కింద ఉన్న వంకర గీతలు ఆయనవే. ఎడమ చేత్తో రాశారు. కాగితం పట్టుకుంటానంటే మోచేత్తో తోసేశారు.

"ముక్కమ్మా
బండి నేనే స్టార్ట్ చేశా
పొగ వాసన తేడాగా ఉంది
నువ్వొచ్చి చూడాలి
నాన్న"

కవరు అంటించే ముందు ఇంకో మాట. పొగలో ఏ తేడా లేదు. నేను చూశాను, సెన్సార్ చూసింది. పచ్చి అబద్ధం. నాకు పెళ్ళై ఇన్నేళ్ళైంది, నన్ను దగ్గరికి రప్పించుకోవడానికి ఆయన ఇలాంటి అబద్ధం ఒక్కటీ ఆడలేదు. నాకు కుళ్ళుగానే ఉంది.

ఆదివారం రా. ఏప్రన్ తెచ్చుకో.

వదిన